బూజు పట్టిన పళ్ళేన్ని పారేయని ఫ్లెమింగ్

పుండు నెలల తరబడి మానకపోయినా, మూత్రంలో మంట తగ్గకపోయినా, జ్వరం వారం దాటినా వదలకపోయినా పట్నం డాక్టర్లు కల్చర్ పరీక్ష రాస్తారు. చీమో, మూత్రమో, రక్తమో తీసి లాబొరేటరీకి పంపిస్తారు. రెండు మూడు రోజులకు ఒక కాగితం వస్తుంది. పైన క్రిమి పేరు ఉంటుంది. కింద మందుల పేర్లు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క మందుకు ఎదురుగా ఎస్ అనో, ఆర్ అనో ఒక అక్షరం ఉంటుంది. ఎస్ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని అర్థం.

కొన్నేళ్ళ కిందట ఈ విలేకరి తండ్రిగారికి కాలి మీద పుండు లేచి మూడు నెలలు మానలేదు. ఊళ్ళో మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రలు మూడు రకాలు వాడాము. ఒక్కో రకం రెండు రోజులు వేయడం, పుండు ఎండినట్లు కనిపించగానే ఆపేయడం. చివరకు పట్నం తీసుకువెళితే డాక్టరుగారు చీము తీయించి పరీక్షకు పంపారు. కాగితం వచ్చేసరికి మేము వాడిన మూడింటికీ ఎదురుగా ఆర్ అనే ఉంది. అప్పుడు డాక్టరుగారు కోప్పడకుండా, ఇలా జరుగుతుందని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ ఎప్పుడో చెప్పాడని అన్నారు. ఇంటర్మీడియట్ పుస్తకంలో ఫ్లెమింగ్ గురించి చదివింది రెండు వాక్యాలే. బూజు పడింది, పెన్సిలిన్ దొరికింది అని. అసలు సంగతి అంతకంటే చాలా పెద్దది. మార్చి 11 ఆయన వర్ధంతి గనుక ఆ సంగతులు పాఠకుల ముందు ఉంచుతున్నాము.

గొర్రెల కాపరుల పల్లె

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6న స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో, డార్వెల్ అనే ఊరికి దూరంగా లోక్‌ఫీల్డ్ అనే వ్యవసాయ క్షేత్రంలో పుట్టారు. తండ్రి హ్యూ ఫ్లెమింగ్ రైతు. గొర్రెలు, ఆవులు, కొద్దిపాటి సేద్యం. రెండు కాన్పుల సంసారం, మొత్తం ఎనిమిది మంది పిల్లలు. అలెగ్జాండర్ రెండవ భార్య గ్రేస్ కొడుకు. ఏడేళ్ళ వయసులో తండ్రి పోయారు. బయలు మధ్యనున్న చిన్న బడిలో అక్షరాలు నేర్చి, తరువాత డార్వెల్ బడికి మైళ్ళ దూరం నడిచి వెళ్ళేవారు. చెరువు గట్టున పక్షి గూళ్ళు వెతకడం, చేతితో చేపలు పట్టడం ఆ పిల్లల ఆట. కంటికి కనిపించిన చిన్న తేడాను విడిచిపెట్టని అలవాటు అక్కడే వచ్చిందని ఆయనే తరువాత చెప్పుకునేవారు.

13 ఏళ్ళకు లండన్‌లో డాక్టరుగా ఉన్న అన్న టామ్ దగ్గరకు చేరారు. చదువు కొంత సాగింది గాని డబ్బు లేదు. ఓడల కంపెనీ ఆఫీసులో నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేశారు. 1901లో ఒక పినతండ్రి ఆస్తిలో వాటాగా కొంత సొమ్ము వచ్చింది. ఆ డబ్బుతో వైద్యం చదవమని అన్నగారు సలహా ఇచ్చారు. లండన్‌లో ఉన్న పన్నెండు వైద్య కళాశాలల్లో సెయింట్ మేరీస్‌ను ఎంచుకోవడానికి కారణం చిత్రమైనది. ఆ కళాశాల జట్టుతో ఆయన ఒకసారి వాటర్ పోలో ఆడారు, అంతే.

క్రిముల శాస్త్రంలోకి రావడం కూడా అలాంటిదే. 1906లో చదువు పూర్తయ్యాక ఆయన శస్త్రచికిత్స వైపు వెళ్ళవలసింది. కాని కళాశాల తుపాకీ క్లబ్బుకు ఆయన మంచి గురిగాడు. ఆయన వెళ్ళిపోతే జట్టు దెబ్బతింటుందని ఆ క్లబ్బులోని ఒక డాక్టరు, తాను పనిచేసే టీకాల విభాగంలోనే ఉద్యోగం చూపించారు. ఆ విభాగానికి అధిపతి సర్ ఆల్మ్‌రోత్ రైట్. టైఫాయిడ్ టీకా మీద పనిచేసి, దాన్ని మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికులకు వేయించి చూసిన ఆయన ఈయనే. ఫ్లెమింగ్ జీవితాంతం అదే ఆసుపత్రిని అంటిపెట్టుకుని ఉన్నారు.

రోగికి ఏ క్రిమి పట్టిందో దాన్ని రోగి శరీరం నుంచే తీసి, పెంచి, చంపి, టీకాగా మళ్ళీ రోగికే ఇవ్వడం రైట్ పద్ధతి. కనుక ఆ విభాగంలో రోజూ చేసే పని క్రిమిని గుర్తుపట్టడమే. చీము, కఫం, రక్తం వస్తూ ఉంటాయి. వాటిలో ఒకటి కాదు, నాలుగైదు రకాల క్రిములు కలిసి ఉంటాయి. అందులో దోషి ఎవరో తేల్చాలి.

పళ్ళెం ఎలా వచ్చింది

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. క్రిములను విడివిడిగా పెంచడం అంతకు ముందు తరం వారు సాధించిన విద్య. జర్మనీలో పల్లె డాక్టరుగా మొదలైన రాబర్ట్ కోచ్ 1881లో గట్టి పదార్థం మీద క్రిములను పెంచి చూపించారు. ద్రవంలో అయితే అన్నీ కలిసిపోతాయి. గట్టి దాని మీద ఒక్కొక్క క్రిమి పడినచోటే పిల్లలు పెట్టి చుక్కలా పేరుకుంటుంది. మొదట జెలటిన్ వాడితే అది వేసవికి కరిగిపోయేది. కోచ్ శిష్యుడు హెస్సే గారి భార్య ఫానీ, వంటింట్లో వాడే అగార్‌ను వాడమని చెప్పారు. మన ఇళ్ళలో తీపి వంటకాలకు వాడే చైనా గ్రాస్ అదే. సముద్రపు నాచు నుంచి వస్తుంది. 1884లో డెన్మార్క్ డాక్టరు గ్రామ్ క్రిములకు రంగు పట్టించి రెండు జాతులుగా విడదీశారు. 1887లో పెట్రి అనే ఆయన మూతగల గాజు పళ్ళెం చేశారు. ఊదా రంగు నిలుపుకునే క్రిములు గ్రామ్ పాజిటివ్, రంగు వదిలి ఎర్రగా కనిపించేవి గ్రామ్ నెగటివ్. ఈనాటికీ కల్చర్ కాగితం మీద ఆ పేరు కనిపిస్తుంది.

ఫ్లెమింగ్ ఈ పళ్ళేలతోనే బతికారు. మనిషి పొట్టి, నీలికళ్ళు, మెడకు బో టై, నోట్లో సిగరెట్టు, మాట తక్కువ. సాటివారు పని ముగియగానే పళ్ళేలు కడిగేస్తే ఈయన రెండు మూడు వారాలు బల్ల మీదే ఉంచేవారు. పారేసే ముందు ఒక్కొక్కటీ ఎత్తి చూసేవారు. రంగు రంగుల క్రిములను తీగతో తీసి, అవి పెరిగాక బొమ్మగా కనిపించేటట్లు గీసే సరదా కూడా ఉండేది. ఏ క్రిమి ఎర్రగా, ఏది పచ్చగా, ఏది ఎన్ని గంటలకు పెరుగుతుందో తెలియనిదే అలాంటి బొమ్మ రాదు. అది ఆటే గాని, ఆ చెయ్యి ఎంత తిరిగిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో రైట్ బృందం ఫ్రాన్స్‌లోని బులోన్ పట్టణంలో ఒక జూదశాలను ప్రయోగశాలగా మార్చి పనిచేసింది. గాయాలు కుళ్ళి సైనికులు చనిపోతున్నారు. డాక్టర్లు ఘాటైన మందునీళ్ళు గాయాలలో పోస్తున్నారు. ఫ్లెమింగ్ గాజు గొట్టాన్ని వేడిచేసి, లోపలి నుంచి ముళ్ళలాగా పొడుగు సందులు లాగి, చిరిగిన గాయం ఆకారం చేశారు. అందులో క్రిములుగల ద్రవం నింపి మందు పోసి చూశారు. సందుల చివర ఉన్న క్రిములు చావలేదు. పైగా ఆ మందులు క్రిములకంటే ముందు మనిషి రక్తంలోని తెల్లకణాలను చంపుతున్నాయి. మందు సీసాలో బాగా పనిచేస్తే చాలదు, ఉన్న చోట ఉన్న క్రిమి మీద పనిచేయాలి. ఈ సంగతిని ఆయన ఎన్నడూ మరచిపోలేదు. 1915 డిసెంబరులో శారా అనే ఐర్లండు నర్సును పెళ్ళి చేసుకున్నారు. ఆ వార్త కూడా స్నేహితులు చాలాకాలం నమ్మలేదట.

1921లో తనకు జలుబు చేస్తే తన చీమిడినే పళ్ళెంలో వేసి చూశారు. దాని చుట్టూ ఒక రకం పచ్చని క్రిములు కరిగిపోయాయి. కన్నీటిలో, ఉమ్మిలో, కోడిగుడ్డు తెల్లసొనలో అదే గుణం ఉంది. దానికి లైసోజైమ్ అని పేరు పెట్టారు. కన్నీళ్ళ కోసం సాటివారి కళ్ళలో నిమ్మ తొక్క పిండేవారు. పరిశీలించడానికి ఆయన పళ్ళెంలో కాలువలాగా అగార్‌ను కోసి, ఆ కాలువలో పరీక్షించవలసిన పదార్థం నింపి, దానికి అడ్డంగా రకరకాల క్రిములను గీతలుగా గీసే పద్ధతి పట్టారు. లొంగే క్రిమి గీత కాలువకు దూరంగానే ఆగిపోతుంది. లొంగని క్రిమి కాలువ అంచుదాకా పెరుగుతుంది. ఒక్క పళ్ళెంలో అర డజను క్రిముల సంగతి కంటితో తేలిపోతుంది. ఇప్పుడు కాగితం మీద వచ్చే ఎస్, ఆర్ అక్షరాలకు మూలం ఇలాంటి పళ్ళేలలోనే ఉంది.

1928 సెప్టెంబరు

ఆ ఏడాది సెగ్గడ్డలు పుట్టించే స్టెఫైలోకాకస్ క్రిముల మీద పనిచేస్తూ, పళ్ళేలు బల్ల చివర పేర్చి సెలవుకు ఊరు వెళ్ళారు. సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. పాత పళ్ళేలను మందునీళ్ళ తొట్టిలో పడేస్తున్నారు. పాత సహాయకుడు ప్రైస్ పలకరించడానికి వస్తే, పైన ఇంకా మునగని ఒక పళ్ళెం ఎత్తి చూపబోయారు. దాని అంచున బూజు. బూజు చుట్టుపక్కల క్రిముల చుక్కలు పారదర్శకంగా కరిగిపోయి ఉన్నాయి. దూరంగా ఉన్నవి మామూలుగానే ఉన్నాయి.

బూజు పడటం ఏ లాబొరేటరీలోనైనా వారానికొకసారి జరిగే సంగతే. చెడిపోయిందని పారేస్తారు. ఫ్లెమింగ్ ఆ బూజును వేరే పళ్ళెంలోకి ఎక్కించారు. బూజు కింది అంతస్తులోని ప్రయోగశాల నుంచి గాలికి వచ్చి ఉంటుందని తరువాత అనుకున్నారు. అప్పటి సహోద్యోగి రొనాల్డ్ హేర్ చాలా ఏళ్ళ తరువాత ఆ పళ్ళేన్ని మళ్ళీ తయారు చేయబోతే మామూలు పద్ధతిలో రాలేదు. పెన్సిలిన్ పెరుగుతున్న క్రిముల మీదే పనిచేస్తుంది. కనుక ముందు చల్లబడి బూజు పెరగాలి, తరువాత వేడెక్కి క్రిములు పెరగాలి. ఆ వేసవి చివర లండన్ వాతావరణం సరిగ్గా అలాగే మారిందని హేర్ లెక్క తేల్చారు.

తరువాత ఫ్లెమింగ్ చేసింది తనకు తెలిసిన పనే. పళ్ళెంలో కాలువ కోసి, బూజు పెరిగిన నీటిని అగార్‌తో కలిపి పోసి, రకరకాల క్రిములను గీతలు గీశారు. స్టెఫైలోకాకస్, గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్, న్యుమోనియా క్రిమి, గనేరియా క్రిమి, కంఠసర్పి తెచ్చే డిఫ్తీరియా క్రిమి ఆగిపోయాయి. టైఫాయిడ్ జాతి, ఇన్‌ఫ్లుయెంజా క్రిమి అనబడే ఫైఫర్ క్రిమి ఆగలేదు. బూజు నీటిని 800 వంతుల దాకా పల్చన చేసినా స్టెఫైలోకాకస్ పెరగలేదు. 1929 మార్చిలో దానికి పెన్సిలిన్ అని పేరు పెట్టి, అదే ఏడాది వ్యాసం రాశారు.

ఆ వ్యాసం శీర్షికలోనే ఒక విచిత్రం ఉంది. రోగం తగ్గించడం గురించి కాదు, ఇన్‌ఫ్లుయెంజా క్రిమిని విడదీయడానికి పెన్సిలిన్ ఎలా పనికి వస్తుందో ప్రధానంగా చెప్పారు. కఫంలో ఇతర క్రిములు కమ్ముకుని ఫైఫర్ క్రిమిని కనబడనివ్వవు. పళ్ళెం మీద పెన్సిలిన్ వేస్తే మిగతావి చస్తాయి, ఇది మిగులుతుంది. టీకాలు చేయడానికి ఆ విభాగంలో ఏళ్ళ తరబడి వారం వారం ఆ బూజును పెంచి అందుకే వాడారు. ప్రపంచాన్ని మార్చిన మందు పదేళ్ళకు పైగా కలుపు మందుగా పనిచేసిందన్నమాట.

ఎందుకు ముందుకు పోలేదు? బూజు నీటి నుంచి మందును శుద్ధి చేయబోతే ఇద్దరు కుర్ర సహాయకుల చేతిలో అది విరిగిపోయింది. కుందేలు రక్తంలో అరగంటకే మాయమయ్యేది. క్రిములను చంపడానికి గంటలు పడుతుంది కదా, ఇక ఒంట్లో పనిచేయదని ఆయన అనుకున్నారు. రోగం ఎక్కించిన ఎలుకకు మందు ఇచ్చి చూడాలన్న ప్రయోగం మాత్రం చేయలేదు. ఆయనను ఎంత మెచ్చుకున్నా ఇది లోపమేనని ఒప్పుకోవాలి. అయితే బూజును చావనివ్వలేదు. అడిగిన ప్రయోగశాలలకు ఇచ్చారు. అలా ఇచ్చినది ఆక్స్‌ఫర్డ్‌లో కూడా ఉంది.

ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ ఆ ఎలుకల ప్రయోగం చేశారు. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు స్ట్రెప్టోకాకస్ ఎక్కించి నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. తెల్లవారేసరికి మందు అందని నాలుగూ చచ్చాయి. 1941లో మొదట ఒక పోలీసు జవానుకు ఇచ్చారు. మనిషి కోలుకుంటుండగా మందు అయిపోయింది. అతని మూత్రంలో నుంచి మందును మళ్ళీ తీసి ఎక్కించినా చాలక మరణించాడు.

పరీక్ష చేసి ఇచ్చిన మందు

1942 ఆగస్టులో ఫ్లెమింగ్ సోదరుడికి పరిచయస్థుడైన ఒక వ్యక్తిని సెయింట్ మేరీస్‌లో చేర్చారు. జ్వరం, మెడ బిగుసుకుపోవడం, సంధి మాటలు. సల్ఫా మందులు ఇచ్చినా తగ్గలేదు. ఫ్లెమింగ్ వెన్నులో నుంచి నీరు తీసి పళ్ళెంలో పెంచారు. స్ట్రెప్టోకాకస్ పెరిగింది. అంటే మెదడు పొరల వాపు, ఆ రోజుల్లో చావే. ఆ క్రిమిని తన దగ్గరున్న బూజు నీటితో పరీక్షించారు. లొంగింది. అప్పుడు ఫ్లోరీకి ఫోన్ చేశారు. ఫ్లోరీ తన దగ్గరున్న శుద్ధి చేసిన మందు ఇచ్చారు. సూది మందుగా కండలోకి ఇస్తూ, వెన్ను నీటిలో మందు ఉన్నదా అని పరీక్షించి చూస్తే లేదు. ఇక ధైర్యం చేసి వెన్నులోకే ఇచ్చారు. రోగి కొద్ది వారాలలో నడిచి ఇంటికి వెళ్ళాడు.

ఏ క్రిమో కనుక్కుని, ఏ మందుకు లొంగుతుందో చూసి, అది చేరవలసిన చోటికి చేరిందో లేదో మళ్ళీ పరీక్షించి వైద్యం చేయడమంటే ఇది. పళ్ళెంలో బూజు పడటంకంటే ఈ వారం రోజుల పనే ఫ్లెమింగ్ గొప్పతనాన్ని ఎక్కువ చూపిస్తుందని మాకు అనిపిస్తుంది.

ఆ నెలాఖరున లండన్ పత్రికలో పెన్సిలిన్ గురించి సంపాదకీయం వస్తే, ఘనత ఫ్లెమింగ్‌దేనని రైట్ ఉత్తరం రాశారు. ఆక్స్‌ఫర్డ్ తరఫున ఇంకో ఉత్తరం వచ్చింది. విలేకరులు గుంపుగా బయలుదేరారు. ఫ్లోరీ తలుపు తీయలేదు. ఫ్లెమింగ్ తీశారు. తలుపు తీసినవారి బొమ్మే పేపర్లో పడుతుంది. ఇది మా వృత్తిలో ఉన్న లోపం, ఆయనది కాదు. 1944లో సర్ బిరుదు వచ్చింది. 1945లో నోబెల్ బహుమతిని మాత్రం ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్ ముగ్గురికీ పంచారు.

స్టాక్‌హోమ్ హెచ్చరిక

ఆ డిసెంబరులో బహుమతి ఉపన్యాసం చివర ఆయన ఒక కల్పిత కథ చెప్పారు. ఒకాయనకు గొంతునొప్పి. షాపులో పెన్సిలిన్ కొని, చాలీచాలనంత వేసుకున్నాడు. క్రిములు చావలేదు సరికదా మందుకు తట్టుకోవడం నేర్చుకున్నాయి. అవే భార్యకు అంటాయి. ఆమెకు న్యుమోనియా వస్తుంది. పెన్సిలిన్ ఇస్తే పనిచేయదు, ఆమె చనిపోతుంది. ఆ చావుకు బాధ్యుడు మందు సరిగా వాడని భర్తే అన్నది కథ. ప్రయోగశాలలో కొద్ది కొద్దిగా మందు పెట్టి క్రిములను మొండిగా మార్చడం సులభమేనని తాను కళ్ళారా చూసి చెప్పిన మాట అది.

కథలో ఆయన చెప్పిన గొంతునొప్పి స్ట్రెప్టోకాకస్ మాత్రం విచిత్రంగా ఇప్పటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. మాట తప్పింది స్టెఫైలోకాకస్. 1940ల చివరికే లండన్ ఆసుపత్రులలో అది పెన్సిలిన్‌ను విరిచేసే పదార్థాన్ని తయారు చేసుకుని మొండికేసింది. ఆయన పళ్ళెంలో కరిగిపోయిన క్రిమి కూడా అదే జాతిది.

పెన్సిలిన్‌కు లొంగని క్రిములపైనా పనిచేసే మందులు తరువాత వచ్చాయి. వాటిలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలో డగ్గర్ కనుగొన్నది. అదే ఏడాది సుబ్బారావుగారు కన్నుమూశారు. మన దేశంలో పెన్సిలిన్ తయారీకి 1954లో పూనా దగ్గర పింప్రీలో ప్రభుత్వ కర్మాగారం పెట్టారు.

మందులు పెరిగినకొద్దీ ఏది ఏ క్రిమికి అన్న ప్రశ్న పెద్దదయింది. కాలువ స్థానంలో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు వచ్చాయి. ఒక్కో లాబొరేటరీ ఒక్కో రకంగా చేయడంతో ఫలితాలు పొసగలేదు. అమెరికాలో బావర్, కిర్బీ తదితరులు 1966లో అందరికీ ఒకే పద్ధతి రాశారు. రోగి నుంచి తీసిన క్రిమిని విడిగా పెంచి, ఉప్పునీటిలో నిర్ణీతమైన మసక వచ్చేదాకా కలిపి, పళ్ళెం నిండా పూసి, బిళ్ళలు అతికించి, వెచ్చని పెట్టెలో రాత్రంతా ఉంచుతారు. మర్నాడు బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. పెద్ద వలయమున్న మందే మంచిదనుకోకూడదు. ఒక్కో మందుకు ఒక్కో హద్దు ఉంటుంది, పట్టికతో పోల్చి ఎస్ అనో ఆర్ అనో రాస్తారు. క్రిమి పెరగడానికి ఒక రోజు, బిళ్ళలకు ఇంకో రోజు పడుతుంది గనుకనే కాగితం రెండు మూడు రోజులు ఆలస్యం. మందు మొదలుపెట్టిన తరువాత చీము తీస్తే క్రిమి పెరగకపోవచ్చు. అందుకే వీలైనంతవరకు ముందు నమూనా, తరువాత మందు.

మా తండ్రిగారి కాగితంలో రెండు మందులకు మాత్రమే ఎస్ ఉంది. అందులో ఒకటి డాక్టరుగారు చెప్పినన్ని రోజులూ వాడాక పుండు మానింది.

ఫ్లెమింగ్ భార్య శారా 1949లో మరణించారు. 1953లో తన దగ్గర పనిచేసిన గ్రీసు దేశపు క్రిముల శాస్త్రజ్ఞురాలు అమాలియాను వివాహమాడారు. 1955 మార్చి 11న లండన్‌లోని ఇంట్లో గుండెపోటుతో కన్నుమూశారు. అస్థికలు సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఉంచారు. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఎద్దుల పోరు జరిగే గోదా బయట ఆయన విగ్రహం ఉంది. ఎదురుగా ఒక యోధుడు టోపీ తీసి ఆయనకు వందనం చేస్తున్నట్లు మలిచారు. కొమ్ము పోట్లు కుళ్ళి చచ్చిపోయే తమవారిని పెన్సిలిన్ బతికించిందని ఎద్దుల పోరు యోధులే దాన్ని పెట్టించారు.